శిలల శాస్త్రవేత్త.. శిల్పాల సంరక్షకుడు

చీరాల: చీరాల-పేరాల ఉద్యమ సారథి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఈ ప్రాంతవాసులకు సుపరిచితులే. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆయనతో కలిసి ఆంగ్లంలోకి అనువదించిన ఆనంద కుమారస్వామిని మాత్రం కొందరే ఎరుగుదురు. 1917లో ఆ గ్రంథాన్ని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రచురించింది.

కుమారస్వామి 1877లో కొలంబోలో తమిళ తండ్రికి, ఆంగ్లేయ తల్లికి జన్మించారు. రెండేళ్లు నిండకముందే తండ్రిని కోల్పోయి ఇంగ్లండులో పెరిగారు. లండన్‌లో ఆయన అభ్యసించింది కళాచరిత్ర కాదు, భూగర్భ, వృక్ష శాస్త్రాలు. 1903 నుంచి 1906 వరకు సింహళ ఖనిజ సర్వే అధిపతిగా ఊరూరా తిరుగుతూ రాళ్లతోపాటు కంసాలుల, కుమ్మరుల, నేతగాళ్ల పనితనాన్నీ పరిశీలించారు. పాశ్చాత్య ప్రభావంతో ఆ వృత్తులు క్షీణించడం ఆయనను కలచివేసింది. మధ్యయుగ సింహళ కళపై 1908లో వెలువరించిన గ్రంథం ఆ పరిశ్రమ ఫలమే. మ్యూజియం కొలువుకు నేడు పట్టాలు అడుగుతారు. ఆయనకు పల్లెలే పాఠశాలలయ్యాయి.

అనంతరం ఉత్తర భారతంలో సంచరించి రాజపుత్ర చిత్రాలను సేకరించారు. అప్పట్లో వాటిని మొగలాయి చిత్రాలతో కలగలిపి చూసేవారు. వాటిది వేరు సంప్రదాయమని 1916లో సోదాహరణంగా వివరించారు. కాశీలో జాతీయ మ్యూజియం నెలకొల్పితే తన సేకరణను అప్పగిస్తానని ముందుకొచ్చారు. స్పందన కరవైంది. చివరకు 1917లో ఆ నిధి బోస్టన్ లలితకళల మ్యూజియానికి చేరింది. వెంట ఆయనా వెళ్లి భారతీయ విభాగ బాధ్యతలు స్వీకరించారు.

మూడు దశాబ్దాలు అక్కడే గడిచాయి. స్వతంత్ర భారతానికి తిరిగివచ్చి హిమాలయ ప్రాంతంలో శేషజీవితం గడపాలని తలచారు. స్వాతంత్ర్యం సిద్ధించిన 25 రోజులకే, 1947 సెప్టెంబరు 9న, అమెరికాలోనే కన్నుమూశారు. కాశీకి దక్కని ఆ చిత్రాలు బోస్టన్‌లో ఉన్నాయి.