జాన్ టిండాల్ మహాశయుడు

ఐర్లండు దేశమందు కార్లో జిల్లాలోని లైలిన్‌బ్రిడ్జ్ అను చిన్న ఊరిలో 1820వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన జాన్ టిండాల్ జన్మించెను. తండ్రి స్వల్ప వేతనముగల పోలీసు ఉద్యోగి. టిండాల్ పేదరికముననే చదువుకొని 1839లో భూమికొలత శాఖయందు చేరెను. ఇంగ్లండునకు బదిలీయైన పిమ్మట, అచ్చటి ఉద్యోగుల కష్టములను గూర్చి నిర్భయముగా నిరసన తెలిపినందున 1843లో ఆ కొలువు పోయెను. ఆయన నిరుత్సాహపడలేదు. రైలుమార్గముల సర్వేలో పనిచేసి, పిమ్మట ఉపాధ్యాయుడై, కూడబెట్టిన ధనముతో 1848లో జర్మనీకేగి, మార్బర్గ్ విశ్వవిద్యాలయమున బున్సెన్ పండితుని యొద్ద శాస్త్రమభ్యసించెను. 1853లో లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆచార్యుడయ్యెను. అచ్చట ఫారడే మహాశయుడు ఆయనకు ఆప్తమిత్రుడు.

మబ్బు పట్టిన రాత్రి ఉక్కగానుండుటయు, ఆకాశము నిర్మలమైన రాత్రి చలి హెచ్చుటయు సేద్యము చేయువారందరెరిగినదే. ఎండకు వేడెక్కిన భూమి ఆ వేడిమిని కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున పైకి విడిచిపెట్టుచుండును. దానిని నిలుపునదేది? 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అను మహిళ, బొగ్గుపులుసు వాయువు నింపిన గాజు గొట్టము ఎండలో ఎక్కువగా వేడెక్కునని చూపెను. కనబడని ఆ కిరణములను ఏ వాయువు ఎంత గ్రహించునో కొలిచి చెప్పినవాడు టిండాల్.

1859లో ఆయన పొడవైన ఇత్తడి గొట్టమునొకదానిని సిద్ధపరచెను. గాజు ఆ కిరణములను అడ్డగించును గనుక, గొట్టము రెండు కొనలకు రాతియుప్పు పలకలనమర్చెను. ఒక ప్రక్క మరుగునీటి పాత్రనుంచెను. రెండవ ప్రక్క, లేశమాత్రపు వేడిమికైనను ముల్లు కదలు విద్యుత్పరికరమునుంచెను. గాలిలో అధికభాగమైన నత్రజని, ఆమ్లజనులు వేడిమిని దాదాపు అడ్డగింపలేదు. అత్యల్పముగానుండు నీటియావిరి, బొగ్గుపులుసు వాయువులే దానిని గ్రహించినవి. గాలిలోని నీటియావిరి ఒక్క రాత్రి తొలగినను పైరులు చలికి నశించునని ఆయన గ్రహించెను. మనుష్యుని ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును సైతము ఈ మార్గమున కొలువవచ్చునని నిరూపించెను.

శాస్త్రము పండితులకే పరిమితము గారాదని టిండాల్ కార్మికులకు సులభశైలిలో ఉపన్యాసములొసగెను. 1872-73లో అమెరికాయందు చేసిన ఉపన్యాసములవలన మిగిలిన ధనమును ఆ దేశపు శాస్త్రవిద్యార్థులకే విడిచివచ్చెను.

1893 డిసెంబరు 4వ తేదీన, భార్య లూయిసా పొరపాటున ఒక మందుకు బదులు వేరొక మందు అధికముగా నిచ్చుటచే ఆయన మరణించెను. ఆమె ఆయన చరిత్ర వ్రాయదలచి తన శేషజీవితమంతయు కాగితములు సేకరించి, ఆ పని ముగియకుండగనే 1940లో గతించెను. ఆ గ్రంథము ఇతరుల చేతులమీదుగా 1945లో వెలువడెను.

తరువాతి శాస్త్రజ్ఞులు పరారుణ కిరణములను వేరువేరు తరంగములుగా విడదీసి, ప్రతి వాయువునకును దాని గుర్తులను కనుగొనిరి. నేడు ఉపగ్రహములు ఆ గుర్తులనుబట్టియే గాలిని పరీక్షించుచున్నవి. బొగ్గు, నూనెలను మండించుటచే బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్న ఈ కాలమున, కొలువు పోయిన ఆ పేదయువకుని ఉప్పుపలకల గొట్టము లోకమునకెంత ఉపకరించెనో తెలియుచున్నది.