లివర్‌పూల్ రేవులో సుంకపు పడవ



మా అనంతసాగరమునకు పేరులోనే సాగరమున్నది గాని, సముద్రము మాకు చాలా దూరము. మాకున్నది పెద్ద చెరువు, సోమశిల యొద్ద పెన్న. తీరమున కావలి తిరుగు పడవలను చూడగోరినవారు కృష్ణపట్నమువరకు పోవలెను. కోస్టుగార్డువారు అచ్చట ఉన్నారు. అయినను ఈ నెల పడవమీద కావలి కాసిన యొక మనుష్యుని జీవితమును మీ యెదుట ఉంచగోరుచున్నాము. ఆయన జాన్ న్యూటన్. కీర్తనలు వ్రాసిన బోధకునిగా ఆయనను మన సంఘములు ఎరుగును. సుంకపు ఉద్యోగిగా ఎరిగినవారు కొద్దిమందే.

ఆయన 1725లో లండనులో పుట్టెను. తండ్రి ఓడ కెప్టెను. ఏడేండ్లు నిండకమునుపే తల్లి చనిపోయెను. 1744లో ఆయనను బలవంతముగా పట్టి హార్విచ్ అను యుద్ధనౌక యెక్కించిరి. పారిపోయి, దొరికి, కొరడా దెబ్బలు తిని, ఉన్న హోదాయు పోగొట్టుకొనెను. తరువాత పశ్చిమ ఆఫ్రికాలో ఒక బానిసల వర్తకుని యొద్ద తానే బానిసవలె ఆకలితో బ్రదికెను. 1748 మార్చిలో గ్రేహౌండ్ అను ఓడ తుపానులో పగిలి నీరు నిండుచుండగా దేవుని కనికరము వేడుకొనెను.

చాలామంది బోధకులు ఈ కథను ఇచ్చటనే ఆపుదురు. మేము ఆపలేము. ఆ తుపాను తరువాతనే, 1750 మొదలు 1754 వరకు, ఆయన బానిసల ఓడలకు కెప్టెనుగా మూడు ప్రయాణములు చేసెను. ఆదివారమున పైన నావికులకు ప్రార్థన జరుపుచుండెను. క్రింద ఆఫ్రికా స్త్రీపురుషులు బందీలుగా నుండిరి. ఆ వృత్తి మానినది మనస్సాక్షి వలన కాదు. 1754లో అకస్మాత్తుగా మూర్ఛ వచ్చినందున మానవలసి వచ్చెను.

ఓడల యజమానియైన జోసెఫ్ మానెస్టీ సహాయముతో 1755 ఆగస్టులో లివర్‌పూల్ రేవులో సుంకపు తనిఖీ ఉద్యోగము దొరికెను. ఆరు తెడ్ల పడవయు, దానిని నడుపు సరంగును, చేతిక్రింద ఏబది అరువదిమంది మనుష్యులును ఆయనకుండిరి. ఒక వారము పోటుతో లోనికి వచ్చు ఓడలకు ఎదురేగి వాటిని ఎక్కవలెను. మరియొక వారము రేవులో కట్టియున్న ఓడలను చూడవలెను. సుంకము ఎగగొట్టుటకు దాచిన సరకును వెదకి పట్టుటయే పని. వేళ తప్పని మనిషియని ఆయనకు పేరు. ఒకనాడు మాత్రము ఏదో పనివలన ఆలస్యమాయెను. పడవ ఇంకను చేరకమునుపే ఆయన తనిఖీ చేయవలసిన ఓడ ప్రేలిపోయెనని ఆయన చరిత్ర వ్రాసిన రిచర్డ్ సెసిల్ చెప్పుచున్నాడు.

తీరిక వేళల్లో గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను. 1758 మొదలు బోధకుడు కావలెనని ప్రయత్నించినను, 1764 వరకు అభిషేకము దొరకలేదు.

సుంకపు మెట్టు నొద్ద కూర్చుండిన మత్తయి పిలుపు వినగానే లేచిపోయెను. న్యూటను తొమ్మిదేండ్లు అక్కడనే ఉండెను. అందుకు ఆయనను తప్పుపట్టము, తలుపు తెరువనివారు ఇతరులే. మమ్ము బాధించునది వేరొకటి. లివర్‌పూల్ అప్పుడు బానిసల వ్యాపారమునకు గొప్ప రేవు. దాచిన సరకును వెదకుటకు ఆయన కండ్లు అంత చురుకైనవి. ఎవరును దాచని ఆ పాపము ఆ కండ్ల యెదుటనే వచ్చుచు పోవుచుండెను. ఆయన దానినిగూర్చి బహిరంగముగా నోరు మెదపలేదు. పిమ్మట ఓల్నీలో పదునారేండ్లు, 1780 నుండి లండనులో బోధించుచున్నను చాలకాలము అంతే.

1785లో పార్లమెంటు సభ్యుడైన విల్బర్‌ఫోర్సు రహస్యముగా ఆయన యొద్దకు వచ్చి సలహా అడిగెను. రాజకీయములు వదలవద్దని న్యూటను చెప్పెను. 1788లో, ఓడ దిగిన ముప్పదినాలుగేండ్లకు, తాను స్వయముగా చేసిన పనిని ఒప్పుకొనుచు ఆ వ్యాపారముమీద చిన్న పుస్తకము అచ్చువేసెను. బందీలను ఎంత ఇరుకున పడుకొనబెట్టుదురో, స్త్రీల నెట్లు చెరచుదురో దాచక వ్రాసెను. పార్లమెంటు కమిటీ యెదుట సాక్ష్యమును ఇచ్చెను.

1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించు చట్టము వచ్చెను. అప్పటికి ఆయన చూపు పోయినది. అదే సంవత్సరము డిసెంబరు 21న లండనులో మరణించెను.