శ్రీ భాగ్యరెడ్డివర్మగారి జీవితము - దీనజన విద్యాసేవ

పరమేశ్వరు డొక్కడే యనియు, మానవులందఱు నాతని సంతానమే యనియు నమ్మినవారికి విద్య యొక కులముయొక్క సొత్తు కాజాలదు. ఈ సత్యము సంస్కరణ సభలలో ననేక పర్యాయములు చెప్పబడినది. అయినను సభావేదికనుండి మాలవాడవఱకు నడచిపోయి, అచ్చటి బిడ్డచేతిలో నొక పలకయు బలపము నుంచినవారు మిక్కిలి తక్కువ. అట్టి కొలదిమందిలో నగ్రగణ్యులు భాగ్యరెడ్డివర్మగారు. వారు మాలవాడకు నడచిపోయినవారు కారు. ఆ జాతిలోనే పుట్టి, ఆ జనముకొఱకే నిలిచినవారు. కావుననే వారి చరిత్రము మన కధికముగ బోధకరమగునని తలచి, దానిని సంగ్రహముగ వ్రాయ బూనితిమి.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదిని హైదరాబాదు నగరమున జన్మించిరి. తండ్రి మాదరి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. బిడ్డకు తొలుత పెట్టిన పేరు భాగయ్య. వారి కులగురువు శైవుడు. ఈ జనులే పూర్వము దేశము నేలిన రేడులనియు, రెడ్డి యను మాట రేడునుండి వచ్చిన దనియు నెంచి, ఆయన ఆ బాలునకు భాగ్యరెడ్డి యని పేరు మార్చెను. పేరు మార్చినంతమాత్రమున లోకము మాఱదు. కాని తన్ను తాను హీనునిగ నెంచుకొనరాదను తలంపు ఆ బాలుని మనస్సున నాటుకొనుటకు ఆ పేరు కొంత తోడ్పడెను.

నాటి పరిస్థితులలో నాతనికి క్రమమైన పాఠశాలావిద్య యబ్బలేదు. డోస్ సాంటోస్ అను క్రైస్తవ న్యాయవాది ఇంట కొలువునకు చేరి, ఆ యజమాని యాదరణమున చదువు నేర్చెను. ఒక్క గృహస్థుడు ద్వారము తెఱచినందున నెట్టి పురుషుడు తయారయ్యెనో చూడుడు. ఆ కాలమున నెన్ని యిండ్ల ద్వారములు మూయబడి యుండెనో, వానివలన దేశ మెందఱను కోల్పోయెనో యెవరు లెక్కింపగలరు?

1906వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, భాగ్యరెడ్డిగారు జగన్మిత్రమండలి నెలకొల్పిరి. దాని ముఖ్యసాధనము హరికథ. ఇది యోచించి యెన్నుకొన్న మార్గము. అక్షరము రానివానికి గ్రంథ మిచ్చిన ఫలము లేదు. చెవితో విని గ్రహించువానికి కథ చెప్పవలెను. మద్యపానమువలని చేటు, బాల్యవివాహములవలని నష్టము, దేవతలపేర జంతువులను బలి యిచ్చుటలోని క్రౌర్యము, బాలికలను దేవతకు విడుచు దురాచారము మొదలగు విషయము లన్నియు నా మండలి ప్రచారమునకు చేరెను. 1911వ సంవత్సరమున నీ మండలియే మన్యసంఘముగ మాఱెను. తరువాత ననగా 1922 ప్రాంతమున ఆదిహిందూ సాంఘిక సేవాసమితి యను పేర ప్రసిద్ధి కెక్కెను.

వీనికన్న మిన్నయైనది పాఠశాలల స్థాపనము. 1910వ సంవత్సరమున హైదరాబాదునందలి ఇసామియాబజారునను, లింగంపల్లిలోను మొదటి పాఠశాలలు వెలసెను. ప్రభుత్వ సహాయము లేదు. స్థిరమైన నిధి లేదు. కొందఱు యువకులు తమ యింటి పనులు తీర్చుకొని, వేతన మాశింపక, లేదా స్వల్పమైన భృతితో, బిడ్డలను చేరదీసిరి. వామన నాయక్, రాయ్ బాలముకుంద్ మొదలగు నుదార హృదయులగు సవర్ణ హిందువులు తోడ్పాటు నిచ్చిరి. కాని భారమును మోసినది ఆ వాడలోని జనమే. క్రమముగ నా పాఠశాలల సంఖ్య 26 అయ్యెను. విద్యార్థుల సంఖ్య 2,500 వఱకు పెరిగెను. కూలిపనివారి పిల్లలతో, చందాలతో, స్వచ్ఛంద సేవకులతో నింత పని జరిగె ననిన, దాని వెనుక నెంత పట్టుదల యుండవలెనో చదువరులే యూహింపవచ్చును.

ఇచ్చట భాషావిషయము నొకింత విచారింపవలెను. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918వ సంవత్సరమున వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే జరుగుచుండెను. తెలుగు మాటలాడు పేదబిడ్డ పాఠశాలకు వచ్చిన దినముననే తెలియని భాషను ఎదుర్కొనవలసి వచ్చెను. ఆకలియు, నస్పృశ్యతయు నాతనిని సగము దూరము తఱిమివేసియుండ, పరభాష తక్కిన సగమును పూర్తి చేసెను. వర్మగారి పాఠశాలలలో తెలుగున చదువు చెప్పబడెను. తల్లితో మాటలాడు భాషలోనే బిడ్డ మొదటి అక్షరమును నేర్చుకొనవలె నను నీతిని, విద్యావేత్తలు గ్రంథములలో వ్రాయుటకు మించి, వీరు వాడలో నాచరించి చూపిరి.

ఆర్యసమాజమువారు 1913వ సంవత్సరమున వీరి సేవకు మెచ్చి వర్మ యను బిరుదము నొసంగిరి. బ్రహ్మసమాజముతోను వీరికి సంబంధము కలదు. కాలక్రమమున బుద్ధదేవుని బోధలయందును గాఢమైన యభిమానము కలిగెను. ఒక సమాజముయొక్క చుట్టుగోడలలో వీరిని బంధించుట తగదు. ఎచ్చట మానవుని సమత్వము నిజముగ నంగీకరింపబడునో అచ్చట వీరికి చోటు కలదు; అది లేనిచోట దేవాలయమైనను వీరికి పరాయిది. సంస్కర్తలకు వీరి జీవితము పెట్టిన పరీక్ష యిదియే.

1917వ సంవత్సరము నవంబరు నెలలో విజయవాడయందు ఆంధ్రదేశపు పంచమ మహాజనసభ జరిగెను. దాని కధ్యక్షులుగ వర్మగారు పిలువబడిరి. పంచము లను పేరు తమకు తగదనియు, వర్ణములు నాలుగే యని చెప్పు శాస్త్రములలో నైదవది లేదనియు, తా మీ దేశపు ఆదివాసులమనియు వాదించి, ఆ సభను ఆదిఆంధ్ర మహాసభగ మార్చిరి. 1922వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము పంచమ పదమునకు బదులు ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర పదములను వాడుటకు నిర్ణయించెను. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో నిజాము రాజ్యమున ఆదిహిందువు లను పేరు చేరెను. పేరులో నేమున్న దని కొందఱు తేలికగ పలుకుదురు. ప్రతిదినము తిట్టుగ వినబడు పేరుతో బడికి పోవలసిన బిడ్డ నడిగిన, పేరులో నేమున్నదో తెలియును.

1930వ దశకమున నిజాము ప్రభుత్వ మా పాఠశాలలను తన యాజమాన్యమునకు తీసికొనెను. ఇది యపజయమని మేము తలపము. స్వచ్ఛంద సేవకులు తాము చేయు పనిని సర్కారు చేయదగిన పని యని ఋజువు చేసి, దానిచే స్వీకరింపజేయుట గొప్ప విజయము. వర్మగారు 1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదిని కాలధర్మము నొందిరి. అప్పటికి వారి వయస్సు ఏబదియొక్క సంవత్సరము నిండలేదు.

అయినను వారి కృషి యధికభాగము హైదరాబాదు, సికింద్రాబాదు నగరములందే నిలిచెను. జనగామ, మానుకోట తాలూకాల పల్లెలకును, భూపాలపల్లి యడవులకును ఆ వెలుగు చాలినంతగ ప్రసరింపలేదు. దీనికి కారణము వారి యశ్రద్ధ కాదు. నగరమున కూలివాని బిడ్డ సాయంకాల మొక గంట విడువబడవచ్చును. పల్లెలో దొరగారి పశువులు కాయు జీతగానికి ఆ గంటయు తనది కాదు. తండ్రి తెచ్చిన యప్పునకు కుమారుడు పాలేరుగ నుండవలెను. మాలమాదిగలు వెట్టికి పిలిచిన వేళ పోవలెను. ఇట్టిచోట బడి యొక్కటి పెట్టిన చాలదు. బిడ్డకు బడికి వచ్చు స్వాతంత్ర్యము నీయవలెను. దీనికి తోడు, 1924 ప్రాంతమున ఖాంగీ పాఠశాలలపై ప్రభుత్వము విధించిన నిబంధనలవలన, అనుమతి లేనిదే పల్లెలో నొక చిన్న వీథిబడి నడుపుటయు కష్టమయ్యెను. ఆ నిబంధనలను తొలగింపవలె ననుట ఆంధ్రోద్యమపు కోరికలలో నొకటి. 1904వ సంవత్సరమున హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము వంటివి చదువు నేర్చినవారికి గ్రంథముల నందించెను. చదువు నేర్వని జీతగాని వద్దకు గ్రంథము నడచిపోజాలదు.

ఆ దినములు గడచినవి. నిజాము రాజ్యము 1948లో నంతరించెను. అస్పృశ్యత రాజ్యాంగముచే నిషేధింపబడెను. ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పు చట్టము 2010 ఏప్రిల్ మొదటి తేదినుండి యమలులోనికి వచ్చెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో ప్రత్యేక జిల్లాలైనవి. బడి యనునది నేడు వాడకు దూరము కాదు. కాని పదునాలుగేండ్లు నిండిన పేదబాలుని తరువాతి దారి యేమి? తండ్రికి రాని చదువును ఇంట నెవరు దిద్దుదురు? పరీక్షలో నొకమాఱు తప్పినవానికి తిరిగి ధైర్యము చెప్పువా రెవరు? అడవిలోని కోయబాలుడు తన యింటి మాటకును పుస్తకపు తెలుగునకును నడుమ వంతెన నెట్లు కట్టుకొనును? ఈ పనులు చట్టము చేయజాలదు. పూనుకొన్న మనుష్యులే చేయవలెను.

వర్మగారి జీవితమునుండి ఈ సేవకు పూనుకొనువారు గ్రహింపదగిన సూత్రములు మూడని మాకు తోచుచున్నది. మొదటిది, వాడలో పుట్టినవారినే నాయకులుగ నిలిపి, చదువుకొన్న పెద్దలు వారి వెనుక నిలువవలెను గాని ముందు కాదు. రెండవది, బిడ్డ భాషతో, బిడ్డ గౌరవముతో పని మొదలిడవలెను. తలవంచిన బిడ్డ కక్షరము నిలువదు. మూడవది, ప్రభుత్వము స్వీకరించినంత పని దానికి వదలి, అది చూడని చోటికి ముందుగ పోవలెను.

ధనికులైన సంస్కారప్రియులు చందా లిచ్చుట మంచిదే. కాని చందా యిచ్చిన చేయి బిడ్డ చేతిని తాకకయే యింటికి మఱలుటయు కలదు. వారమున కొక్క సాయంకాలము పల్లెలో గడపి, పేద యువకుని ప్రక్కన చాపమీద కూర్చుండి యొక పాఠము చదివించుడు. ఆ చాపమీద గడిపిన గంటయు నుపాసనయే యని మా విశ్వాసము.