పది శాతం వెనుక లిండెమన్

పర్యావరణ పాఠంలో పది శాతం నియమం రాగానే మన సార్లు బోర్డు మీద గడ్డికి 1000, మిడతకు 100, కప్పకు 10, పాముకు 1 అని వేసేస్తారు. లెక్క తేలిక, మార్కులు ఖాయం. ఆ నియమం పక్కన కనిపించే లిండెమన్ ఎవరో తెలియకుండానే పిల్లలు పరీక్ష రాసి వచ్చేస్తారు. ఆయన కథ తెలిస్తే ఆ పాఠం చెప్పే తీరు కొంత మారుతుందని మాకు అనిపించింది.

రేమండ్ లిండెమన్ 1915 జూలై 24న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టారు. 1936లో డిగ్రీ పూర్తిచేసి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరారు. ఆయన ఎంచుకున్నది సెడార్ బాగ్ లేక్. పేరుకే సరస్సు, లోతు మాత్రం మీటరుకు అటూ ఇటూ. ఏటేటా బురద పేరుకుని పూడిపోతున్న ముసలి చెరువు అది. సుమారు ఐదేళ్లు ఆయన దాన్ని వదల్లేదు. భార్య ఎలినార్ కూడా వెంట ఉండి నమూనాల పనిలో చెయ్యి కలిపారు. చలికాలంలో పైన మంచు గడ్డకట్టి నీటిలో ప్రాణవాయువు కరువైనప్పుడు అడుగు బురదలోని పురుగులు ఎలా బతుకుతాయో కూడా పరీక్షించి చూశారు.

ఎవరు ఎవరిని తింటారన్నది అప్పటికే చాలామంది రాశారు. ఎకోసిస్టమ్ అనే మాటను ఆర్థర్ టాన్‌స్లీ 1935లోనే అచ్చులోకి తెచ్చారు. లిండెమన్ అడిగిన ప్రశ్న వేరు: ఎవరి నుంచి ఎవరికి ఎంత చేరుతోంది? నాచును, మొక్కలను, పురుగులను, వాటిని తినే జీవులను అన్నిటినీ క్యాలరీల్లోకి మార్చి లెక్క కట్టారు.

ఆయన గీసిన బొమ్మలో నడిమధ్య ఉన్నది చేప కాదు, బురద. చచ్చినవి, విసర్జించినవి అన్నీ అక్కడికే చేరతాయి. బ్యాక్టీరియా వాటిని కుళ్లబెడితే లవణాలు నీటిలో కరిగి మళ్లీ మొక్కలకు అందుతాయి. పొయ్యిలో కట్టె కాలితే వేడి గాలిలో కలిసిపోతుంది, బూడిద మాత్రం పెరట్లో పాదుకు పనికొస్తుంది కదా! శక్తిది వేడి దారి, పోషకాలది బూడిద దారి. శక్తి ఒక్కసారి వచ్చి పోయేదే, శ్వాసలో వేడిగా మారి తిరిగిరాదు. పోషకాలు తిరుగుతూనే ఉంటాయి. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. బోర్డు మీద రెండిటికీ ఒకే రకం బాణాలు వేసే మనమే అందుకు కొంత కారణం.

ఇక అంకెలు. ఆ చెరువులో ఉత్పత్తిదారులు పట్టుకున్నది పడిన ఎండలో 0.10 శాతమే. వాటి నుంచి శాకాహారులకు చేరింది 13.3 శాతం. శాకాహారుల నుంచి మాంసాహారులకు 22.3 శాతం. పోల్చి చూసిన మెండోటా సరస్సులో శాకాహారుల వాటా 8.7 శాతం. కచ్చితంగా పది ఎక్కడా లేదు. పది అన్నది తర్వాతివాళ్లు గుర్తుండటానికి గుండ్రం చేసిన సగటు లాంటిది. ఎందుకు సరిగ్గా పదే అని అడిగే పిల్లను మార్కులు పోతాయని కూర్చోబెట్టకండి. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్నే.

1941లో డాక్టరేట్ రాగానే లిండెమన్ యేల్ విశ్వవిద్యాలయంలో జి. ఎవెలిన్ హచిన్సన్ దగ్గరికి వెళ్లారు. 1932లో మన లద్దాఖ్ సరస్సులను పరిశీలించి వెళ్లిన శాస్త్రవేత్తే ఈ హచిన్సన్. ఆయన సలహాలతో దిద్దిన వ్యాసాన్ని లిండెమన్ ‘ఎకాలజీ’ పత్రికకు పంపారు. పరిశీలకులు చాన్సీ జుడే, పాల్ వెల్చ్ ఇద్దరూ సరస్సుల శాస్త్రంలో పెద్దలు. ఒకటి రెండు సరస్సులు చూసి ఇంత సిద్ధాంతం చెప్పడం తొందరపాటని వద్దన్నారు. మెండోటా అంకెలు చాలావరకు ఆ జుడే సేకరించినవే కావడం విచిత్రం. వారి అభ్యంతరం అర్థం లేనిదని మేము అనం. కాకపోతే ఎంత కొలిస్తే చాలో ఎవరు తేల్చాలి? శిష్యుడి తరఫున హచిన్సన్ సంపాదకుడు థామస్ పార్క్‌కు గట్టిగా లేఖ రాశారు. లిండెమన్ మళ్లీ సవరించి పంపారు. పరిశీలకుల మాట పక్కనపెట్టి పార్క్ అచ్చుకు ఒప్పుకున్నారు.

అప్పటికే ఆయనను కాలేయ వ్యాధి పట్టుకుంది. 1942 జూన్ 29న, 26 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వ్యాసం ఆ అక్టోబరు సంచికలో వచ్చింది. దాని చివర హచిన్సన్ ఒక చిన్న అనుబంధం చేర్చి, అచ్చులో ఉండగానే రచయిత మరణించారని పాఠకులకు తెలిపారు.