మన పెద్దలలో ఒకరు: యెర్రగుంట్ల పేరయ్య గారు



మన కుటుంబంలో మొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరని మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా? చాలామందికి తాతగారి పేరు వరకు తెలుసు. ఆ పైన తెలియదు. మన పెద్దలలో ఎక్కువమందికి భూమి లేదు, చదువు లేదు, అందుకే కాగితాల్లో వారి పేర్లూ లేవు. అయినా అలాంటి వారిలో ఒకరి జీవితం మనకు వివరంగా మిగిలింది. ఆయనే యెర్రగుంట్ల పేరయ్య గారు.

పేరయ్య గారిది ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న తలకొండపాడు. మాదిగ కుటుంబం, తోళ్ల వ్యాపారం. దేవుణ్ణి తెలుసుకోవాలన్న ఆకలి ఆయనకు మొదటి నుంచీ ఉండేది. గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నారు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరులో మిషనరీ అలెగ్జాండర్ దొరగారి నోట సువార్త విన్నారు. 1866లో ఆయన, భార్య నాగమ్మ గారు బాప్తిస్మం తీసుకున్నారు. అదే సంవత్సరం జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడ్డారు.

పేరయ్య గారు ఊరికే కూర్చోలేదు. తన వాళ్లకు, చుట్టుపక్కల పల్లెలకు తాను విన్నది చెప్పారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు తలకొండపాడు వచ్చేసరికి, పక్క ఊళ్లవాళ్లు కూడా అన్నం మూటలు, పడక బట్టలు తెచ్చుకుని కాచుకుని ఉన్నారు. కొద్ది రోజుల కూడికల తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు.

దానికి వాళ్లు ఇచ్చిన వెల మీరు తెలుసుకోవాలి. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి జాతరలో డప్పు కొట్టమంటే కొట్టలేదు. అందుకు ఊరి పెద్దలు కోపగించి పనులు ఆపేశారు, నీళ్లు ముట్టనివ్వలేదు, కొట్టారు కూడా. ఒంగోలులో మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్లు అడ్డం తిరిగారు. క్లౌ దొరగారు, దొరసాని గారు వేరువేరుగా ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే మాట కనబడిందని మన సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తలుపు మూయలేదు.

పేరయ్య గారి వంటి బోధకులు ఏళ్ల తరబడి కాలినడకన పల్లెలు తిరిగారు. ఆ తరువాతే, 1876–78 కరువు దాటాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ పెద్ద అంకె చెప్పుకుంటాం. దాని వెనుక నడిచిన కాళ్లను మరచిపోతాం.

మరి ఇదంతా మనకెలా తెలిసింది? క్లౌ గారిని తరువాత వివాహమాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు ముసలి బోధకులను వాళ్ల జీవితాలు చెప్పమని అడిగి రాసుకున్నారు. ఆ పుస్తకం 1899లో వచ్చింది. ఒకరు అడిగారు, ఒకరు చెప్పారు. అంతే.

మీరూ అడగండి. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మ గారినో, పెదనాన్న గారినో మూడు విషయాలు అడగండి: మొదట నమ్ముకున్నవారి పేరు, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన సంఘం. ఆ సంఘం పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉందేమో కనుక్కోండి. ఒక మాట గుర్తుంచుకోండి. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోది, ఆ తరువాత గుంటూరు జిల్లాలోది. కనిగిరి, పొదిలి వైపు ఊళ్లు 1970 వరకు నెల్లూరులోనే ఉన్నాయి. ప్రకాశం పేరుతో వెదికితే పాత కాగితాలు దొరకవు.

తోళ్ల పని చేసిన తాత గురించి పిల్లలకు చెప్పడానికి మనలో కొందరు వెనకాడతాం. వెనకాడకండి. ఆ చేతులే మనకు సువార్తను అందించాయి. దేవుడు సిగ్గుపడని మన పెద్దల గురించి మనమెందుకు సిగ్గుపడాలి?

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.