మూడు ప్రయత్నాల మల్లుడు - దండమూడి రాజగోపాలరావు

మన పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం ఎత్తు 135 అడుగులు. 2003 నుంచి హైవే మీద పోయే ప్రతి బస్సులోనూ జనం తలెత్తి చూస్తూనే ఉన్నారు. బలమంటే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కరలేదు. కానీ ఉన్న బలాన్ని ఎలా దాచుకోవాలో, ఎప్పుడు తీయాలో తెలిసిన ఒక పెద్దాయన కూడా మన జిల్లాలోనే పుట్టారు. (2022లో జిల్లాలు విడదీశాక మనది ఎన్టీఆర్ జిల్లా, వారిది కృష్ణా. అప్పట్లో అంతా ఒకటే.)

దండమూడి రాజగోపాలరావు గారు 1916లో ఉయ్యూరు పక్కన గండిగుంటలో జన్మించారు. మనది మెట్ట, వారిది కాలువల కింది పల్లె. బరువులెత్తడంలో దేశంలో పేరు తెచ్చుకుని, 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారీ బరువు విభాగంలో మన దేశం తరఫున దిగారు. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్ళు నిండబోతున్నాయి. ఆ విభాగంలో గెలిచిన అమెరికా వీరుడు జాన్ డేవిస్ మూడు పద్ధతుల్లో కలిపి 452.5 కిలోలు ఎత్తాడు. రాజగోపాలరావు గారికి పతకం రాలేదు.

ఇక్కడ ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అని మూడు పద్ధతులుండేవి. ప్రెస్‌ను 1972 తరువాత తీసేశారు. ఒక్కో పద్ధతిలో మూడేసి ప్రయత్నాలు. ఒకసారి అడిగిన బరువును తగ్గించడానికి వీల్లేదు. అదే బరువు మళ్ళీ ఎత్తాలి, లేదా పెంచాలి. ఏ పద్ధతిలోనైనా మూడూ తప్పితే మొత్తం లెక్కలోకే రాదు. అందుకే తెలివైన లిఫ్టర్ ఒంట్లో బాగాలేని రోజున కూడా ఎత్తగలిగిన బరువుతోనే మొదలుపెడతాడు. ఒకటి తప్పిందా, ఇప్పటి నిబంధనల ప్రకారం వెంటనే తనే మళ్ళీ ఎత్తాల్సి వస్తే చేతిలో ఉండేది రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో కూర్చోవాలి, ఊపిరి సర్దుకోవాలి, చేతులకు సుద్దపొడి రాసుకోవాలి. తప్పిన దాన్ని తలుచుకుంటూ వెళ్తే రెండోదీ తప్పుతుంది.

మన తమ్ముళ్ళు కొందరు పోలీసు సెలక్షన్ నెల ఉందనగా లేచి రోజూ 1600 మీటర్లూ పూర్తి వేగంతో పరుగెత్తుతారు. మూడో రోజుకు పిక్కలు పట్టేస్తాయి, టైము పెరుగుతుంది, ఇక నావల్ల కాదని దుప్పటి ముసుగు పెట్టేస్తారు. గట్టిగా శ్రమించిన కండ కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. బలం పెరిగేది ఆ విశ్రాంతిలోనే. కాళ్ళు బరువుగా ఉన్న రోజున నెమ్మదిగా సగం దూరం పరుగెత్తి, కాసేపు నడిచి, ఎనిమిది గంటలు నిద్రపోతే నష్టమేమీ లేదు.

లండన్ నుంచి ఉత్త చేతులతో వచ్చిన మనిషి మానేయలేదు. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆయన అక్కడ కాంస్య పతకం గెలిచారు. పతకం కన్నా నాకు ఆ మధ్యలోని రెండున్నరేళ్ళే పెద్దవిగా కనిపిస్తాయి. అవి రోజుకొకటిగా గడవాల్సిన రోజులు గదా!

ఆయన్ను ఇండియన్ టార్జాన్ అనేవారు. సినిమా వాళ్ళకు భీముడు కావాలంటే ఎవరిని పిలుస్తారు? 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. వంటలవాడు వలలుడిగా విరాటరాజు కొలువులో గరిటె తిప్పుతూ ఏడాది పాటు తానెవరో బయటపెట్టకుండా ఉండే భీముడు! కీచకుడి పని పట్టే ఆ వేషం ఒక బరువులెత్తే మనిషికి దొరకడం నాకైతే ముచ్చటగా ఉంటుంది.

రాజగోపాలరావు గారు 1981లో కన్నుమూశారు. విజయవాడ నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. పోటీలకు వెళ్ళినప్పుడు మనమంతా డీఆర్ఆర్ స్టేడియం అని పొట్టిగా అనేసి లోపలికి పోతుంటాం. డి అంటే దండమూడి, తరువాతి రెండు ఆర్‌లూ రాజగోపాల రావు.