రాష్ట్రపతి అయిన పంతులు

డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు మన దేశానికి రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన పంతులుగారని మన పిల్లలకు చెప్పుకోవాలి.

1897లో హైదరాబాదులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1911లో ప్లేగు తల్లినీ తీసుకుపోయింది. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926లో మూతపడబోతున్న జామియా మిల్లియా భారాన్ని నెత్తికెత్తుకున్నారు. కొద్దిపాటి జీతంతో 1948 దాకా నడిపారు. అంత పెద్ద పదవిలో ఉండి కూడా చిన్న తరగతుల పిల్లలను మరువలేదు. వారికోసం కథలు వ్రాశారు. ఒకనాడు వారికి మిఠాయి పంచుతుండగా తన చిన్నారి కూతురు పోయిందని కబురొచ్చింది. అయినా పంచడం ఆపలేదట. 1937లో వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షులై, మాతృభాషలో, చేతిపనితో ఏడేళ్ల గట్టి చదువు ప్రతి బిడ్డకూ ఉండాలని నివేదిక ఇచ్చారు.

పునాది లేని గోడ నిలవదు. మన నల్లమాడలోనూ కాలేజీ మెట్లెక్కి, పేజీ తడబడకుండా చదవలేక, భాగహారం రాక, సిగ్గుపడి చదువు మానేసే పిల్లలున్నారు. తప్పు వాళ్లది కాదు. కరువుకు వలసపోయిన ఏళ్లలో జారిపోయిన చదువది. ఫస్టు వచ్చినవారికి బహుమతులిస్తే చాలదు. వెనుకబడిన బిడ్డ పక్కన సాయంత్రం ఒక గంట కూర్చుందాం, మొదటినుంచీ నేర్పుదాం.

1969 మే 3న రాష్ట్రపతిగా ఉండగానే ఆయన కన్నుమూశారు. సమాధి మాత్రం తాను నడిపిన జామియా ఆవరణలోనే ఉంది.